రాజమార్గము ప్రక్కన వేసిన బల్ల

(కుటుంబ పఠనమునకు పాఠము. చదువవలసిన లేఖన భాగములు: లూకా 14:1–24; 1 కొరింథీయులకు 11:17–34; గలతీయులకు 2:11–14)



కోతలు ముగిసి క్రిస్మసు దగ్గర పడుచుండగా హనుమాన్ జంక్షన్ చుట్టుపట్ల గ్రామములలో ప్రతి ఇల్లును బంధువుల రాకకు ఎదురు చూచుచుండును. హైదరాబాదునుండి వచ్చువారు కొందరు, గన్నవరము విమానాశ్రయములో దిగి అమెరికానుండి వచ్చువారు కొందరు. వారిని సంతోషపెట్టుటకై మన యౌవనస్థులు ఈ మధ్య ఒక క్రొత్త ముచ్చట చెప్పుచున్నారు. అదేమనగా, క్రిస్మసు వారములో ఒక రాత్రి ఇంటి ముంగిట షామియానా వేసి, దానిని అమెరికా దేశపు డైనరు అను హోటలు మాదిరిగా అలంకరించి, ఆ దేశపు వంటకములు చేసి, చుట్టములను స్నేహితులను పిలువవలెనని. ఇది విని కొందరు పెద్దలు, ఇది లోకవేషము కాదా అని నొచ్చుకొనుచున్నారు. ఇరుపక్షములవారును కలిసి చదువుకొనవలెనని ఈ పాఠము వ్రాయబడినది.

విందు చేయుట తప్పు కాదు. మన ప్రభువు కానాలో పెండ్లి విందుకు వెళ్లెను, సుంకరియైన లేవి ఇంటి విందుకు వెళ్లెను, తనను కనిపెట్టి చూచుచున్న పరిసయ్యుని ఇంటికి సహితము భోజనమునకు వెళ్లెను. తిండిబోతని ఆయనను నిందించునంతగా వెళ్లెను (మత్తయి 11:19). కాగితపు టోపీ పెట్టుకొని అట్టు తిరుగవేసినంత మాత్రమున ఎవరి విశ్వాసమును చెడిపోదు. అయితే మనము దేనినైనను పోలి చేయదలచినప్పుడు, అది ఎట్టిదో తెలిసికొని చేయుట మేలు.

డైనరు పుట్టుక బీదవారి ఆకలిలోనిది. 1872లో అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రమందు ప్రావిడెన్సు పట్టణములో వాల్టర్ స్కాట్ అనునతడు గుఱ్ఱపు బండిలో తినుబండారములు పెట్టుకొని, ఒక వార్తాపత్రిక కార్యాలయము దగ్గర నిలిపి, రాత్రి పని చేయువారికి అమ్మనారంభించెను. బండి క్రమముగా పెద్దదై, లోపల కూర్చుండుటకు చోటు వచ్చెను. తరువాత మసాచుసెట్సు రాష్ట్రములోని వూస్టరు మొదలగు పట్టణములలో ఇట్టి హోటళ్లను రైలుపెట్టె ఆకారములో కర్మాగారమందే తయారుచేసి, కావలసిన చోటికి చేర్చి నిలిపెడివారు. లోపల పొడవైన ఒకే బల్ల. దానికి ఈవల వరుసగా గుండ్రని స్టూళ్లు. ఆవల పెనము, వంటవాడు. అడిగినది కంటి యెదుటనే కాల్చి, వేడి చల్లారకముందే ముందుకు జరుపును. కాఫీ తాగిన కొలది మరల పోయుదురు.

ఇది చదివి మన జంక్షన్‌వారు నవ్వుకొనవచ్చును. విజయవాడ, ఏలూరుల మధ్య పోవు పెద్ద రహదారిని నూజివీడు, గుడివాడ దారులు కలియుచోట అర్ధరాత్రి లారీ డ్రైవరుకు టీ కాచి ఇచ్చు బంకులు, కంటి ముందే అట్టు పోసి పెట్టు కాకా హోటళ్లు మనకు క్రొత్తవి కావు. పేరు వేరైనను పని ఒక్కటే. గనుక అమెరికానుండి వచ్చిన మనుమడు ఈ డైనరును వర్ణించి చెప్పునప్పుడు తాతగారు మరీ ఆశ్చర్యపడనక్కరలేదు.

అయితే యౌవనస్థులు కోరునది 1950ల నాటి డైనరు. మెరయు ఉక్కు రేకులు, ఎఱ్ఱని దిండ్ల స్టూళ్లు, చదరంగపు గళ్లవంటి నేల, నాణెము వేసిన పాట పాడు పెట్టె. చిత్రములలో చూచుటకు చక్కగానే యుండును. కాని ఆ సంవత్సరములలోనే ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో అనేక హోటళ్లలో ఆ స్టూలు మీద నల్లజాతివారిని కూర్చుండనిచ్చెడివారు కారు. వారి డబ్బు పుచ్చుకొనెడివారు. కూర్చుండుటకు మాత్రము వీలులేదు. ఇష్టమైనచో నిలువబడి, లేదా వెనుక కిటికీయొద్ద పుచ్చుకొని వెళ్లవలెను.

1960 ఫిబ్రవరి 1వ తేదీన నార్త్ కరొలీనా రాష్ట్రములోని గ్రీన్స్‌బరో పట్టణములో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్తు అను పెద్ద దుకాణమునకు వెళ్లిరి. వారి పేర్లు ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్నీల్, డేవిడ్ రిచ్మండ్. మొదట వారు ఆ దుకాణములోనే చిన్న వస్తువులు కొని రసీదు పుచ్చుకొనిరి. పిమ్మట అదే దుకాణములోని భోజన కౌంటరు దగ్గర స్టూళ్ల మీద కూర్చుండి కాఫీ అడిగిరి. మీకు ఇక్కడ ఇయ్యము అని చెప్పబడెను. వారు కోపపడలేదు, లేచిపోలేదు. దుకాణము మూసివేయువరకు ఊరక కూర్చుండిరి. మరునాడు మరి కొందరు వచ్చిరి. ఆ ఉద్యమము కొద్ది వారములలోనే ఇతర రాష్ట్రముల పట్టణములకు వ్యాపించెను. జూలై 25న ఆ దుకాణము వంగి, ఆ కౌంటరు దగ్గర నల్లజాతివారికి మొదటిసారి భోజనము పెట్టెను. అట్లు మొదట తిన్నవారు ఆ దుకాణములోనే పనిచేయుచుండిన నల్లజాతి పనివారు. ఎన్ని సంవత్సరములు ఆ బల్లను తుడిచిరో, ఆ గిన్నెలను కడిగిరో! ఆ కౌంటరులో ఒక భాగమును నేడు వాషింగ్టను నగరములో దేశ చరిత్ర ప్రదర్శనశాలయందు నిలిపియున్నారు. హోటళ్లలో ఇట్టి భేదము కూడదని ఆ దేశపు చట్టము 1964లో పుట్టెను.

మన దేశములో 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, వారికంటె 14 సంవత్సరములు ముందుగానే, జాతి కులముల కారణముగా దుకాణములలోనికిని హోటళ్లలోనికిని ఎవరినైనను రానీయకుండుట కూడదని 15వ అధికరణములో వ్రాసెను. 17వ అధికరణములో అస్పృశ్యతనే రద్దు చేసెను. 1955లో దానిని శిక్షించు చట్టము వచ్చెను. వ్రాత ముందు వచ్చినది, మనసు వెనుక వచ్చుచున్నది. టీ హోటలులో ఒకరికి లోపలి గ్లాసు, మరియొకరికి బయట చూరు క్రింద బోర్లించియుంచిన గ్లాసు, తాగినవాడే దానిని కడిగి మరల బోర్లించి పోవలెనను రెండు గ్లాసుల పద్ధతి మన తెలుగు పల్లెలలో ఎంతకాలము సాగెనో, ఈ పత్రిక చదువు వృద్ధులకు ఎవరును చెప్పనక్కరలేదు. మన సంఘములలో అనేకులు ఆ రెండవ గ్లాసుతో తాగినవారి కుమారులు, కుమార్తెలు.

గనుక ఈ విందును ఏర్పాటు చేయు ఇంటివారు మొదట అడుగవలసినది అలంకారములను గూర్చి కాదు. ఆ స్టూలు మీద ఎవరు కూర్చుండెదరు?

అంతియొకయలో జరిగిన సంగతిని పౌలు దాచక వ్రాసెను. పేతురు అక్కడి అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి వెనుకతీసెను. అతడు సిద్ధాంతమేమియు మార్చుకొనలేదు. విశ్వాసమువలన నీతిమంతులగుదుమని ఆ దినమడిగినను ఒప్పుకొనియుండును. చేసినదెల్లను ఒక పంక్తినుండి లేచి మరియొక పంక్తిలో కూర్చుండుటయే. దానినే పౌలు సువార్త సత్యమునకు తగిన నడవడి కాదని అందరి యెదుట చెప్పెను. సువార్త బల్ల దగ్గర చెడిపోగలదని ఆయన యెరుగును. ఇక్కడ గమనింపుడి: ఊరివారు మాత్రమే ఉన్నంతకాలము పేతురు బాగుగనే యుండెను, దూరపు చుట్టములు వచ్చినప్పుడు జారిపోయెను. మన ఇండ్లలోను అంతే. నిత్యము మనతో పొలములో వంగి నాట్లు వేయువారు, అమెరికా బంధువులు వచ్చిన రాత్రి మాత్రము పెరటి గుమ్మము దగ్గరికి పోవుదురు. వారికి కేరేజీలో పెట్టి పంపుదుము. పెట్టితిమిగదా అందుము.

మన వి. ఎస్. అజరయ్యగారు 1910లో ఎడింబరో మహాసభలో నిలిచి, మిషనెరీలు మా కొరకు ధారపోసిన త్యాగమునకు కృతజ్ఞులము, అయితే మాకు స్నేహితులు కావలెనను భావముతో మాట్లాడినప్పుడు, అక్కడ చాలమందికి అది కటువుగా తోచెను. రెండేండ్లకు ఆయన దోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడెను. ఈ కృష్ణా ప్రాంతపు సంఘములలో అనేకము తరువాత ఆయన పాలన క్రిందికి వచ్చినవే. మేలు చేయుట వేరు, ఒక బల్ల దగ్గర కూర్చుండుట వేరు అని ఆయన ఎరిగియుండెను. నాడు తెల్లవారితో ఆయన చెప్పినది నేడు మనలో మనము వినవలసియున్నది.

అమెరికా తిండి మన పెద్దలకు క్రొత్త కాదనియు ఇక్కడ చెప్పవలెను. 1954లో ఆ దేశములో పుట్టిన పి.ఎల్. 480 చట్టము క్రింద గోధుమలు మన దేశమునకు ఓడలలో వచ్చెను. 1960లలో కేర్ సంస్థవారి పాలపొడి, పిండి బడిపిల్లలకు పంచబడెను. గిన్నె పట్టుకొని వరుసలో నిలిచి పుచ్చుకొన్న ఆ పాలరుచి, ఉప్మా రుచి కొందరికి ఇప్పటికిని జ్ఞాపకమే. నాడు గిన్నె పట్టుకొని నిలిచిన ఆ తాతగారిని, నాయనమ్మగారిని ఈ రాత్రి మొదటి స్టూలు మీద కూర్చుండబెట్టి, మనుమడు ఆవలినుండి వడ్డించినచో, ఆ ఒక్క సంగతికొరకే ఈ విందు చేయదగినదని మా అభిప్రాయము. (స్టూలు ఎత్తైనదైతే వారికి వెనుక ఆనుకొను కుర్చీయే వేయుడి. మోకాళ్ల నొప్పులకు అలంకారముతో పని లేదు.)

ఇక లూకా 14వ అధ్యాయము. ఈ ఒక్క అధ్యాయములో విందును గూర్చి కావలసినదంతయు ఉన్నది. అగ్రస్థానములు ఏర్పరచుకొను అతిథులను గూర్చి ప్రభువు మాటలాడెను. డైనరు బల్లకు ఈ విషయములో ఒక మంచి గుణమున్నది: ఒకే పొడవు గనుక దానికి తలవైపు లేదు. మన బంతి భోజనము కూడ మొదట అట్టిదే. నేల మీద వరుసగా విస్తళ్లు వేసినప్పుడు పెద్ద విస్తరి చిన్న విస్తరి అని లేదు. భేదము మొదటి బంతి, కడపటి బంతి అనుదానిలో దూరినది. కడపటి బంతికి వచ్చువారికి పులుసు పలుచనగును, ముక్క మాయమగును. కొరింథులో జరిగినదియు ఇదే. తీరికగలవారు ముందుగా వచ్చి తిని మత్తులైరి; పని ముగించుకొని ఆలస్యముగా వచ్చిన బీదవారు ఆకలితో నిలిచిరి. ప్రభురాత్రి భోజనమును గూర్చి మనము ప్రతి నెల వినుచున్న ఆ గంభీరమైన హెచ్చరికలు, అయోగ్యముగా తినుటను గూర్చిన మాటలు, ఈ కడపటి బంతివారిని గూర్చి పలుకబడినవని మనము తరచుగా మరచుచున్నాము. పౌలు చెప్పిన మందు చాల చిన్నది: ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని యుండుడనెను (11:33). పాలు పితికి, పశువులకు మేత వేసి వచ్చువారు ఏ వేళకు రాగలరో కనుగొని, ఆ వేళకే పెనము వెలిగింపుడి.

పెనము మాట వచ్చినది గనుక లెక్క చెప్పుకొందము. 40 మందికి మనిషికి రెండు చొప్పున 80 అట్లు కావలెను. హోటలువారి పెద్ద పెనము మీద ఒకసారికి నాలుగు పడును. ఒక వాయికి నాలుగు నిమిషములు. అనగా ఒక్క పెనముతో 80 నిమిషములు, రెండు పెనములతో 40 నిమిషములు పట్టును. కూర్చుండుటకు పది చోట్లు చేసి నాలుగు బంతులుగా కూర్చుండబెట్టినచో ప్రతివానికి వేడివేడి అట్టే దొరకును. కడపటివానికి చల్లారినది రాదు. పెద్ద గిన్నెలలో ముందుగా వండియుంచుటకంటె ఈ పద్ధతి మేలైనదని ఇందుచేతనే చెప్పుచున్నాము. పొడవైన బల్లకు బడి బెంచీలను జతచేసి పైన తెల్లని గుడ్డ పరచిన చాలును. స్టూళ్లు అద్దెకు దొరకనిచోట బెంచీలే వేయుడి.

అమెరికావారు ఉదయమున తిను పాన్‌కేకు మైదాపిండి, గ్రుడ్డు, పాలు కలిపి పోసిన మందపు అట్టు. దాని మీద తీయని పాకము పోయుదురు. మన చెరకు పానకము, అనగా బెల్లపు తేనెపాకము, దానికి చక్కగా సరిపోవును. అయినను మా సలహా యేమనగా పిల్లలకు అది, పెద్దలకు పెసరట్టు. 80 అట్లకు సుమారు 4 కిలోల పెసలు ఉదయమే నానబోయవలెను. బంగాళాదుంప వేపుడు ఉండనే యున్నది. పండ్లముక్కలు లోపల పెట్టి కాల్చు వారి తీపిరొట్టెకు బదులు మన క్రిస్మసు కజ్జికాయలున్నవి; నూజివీడు రసాలు డిసెంబరులో దొరకవు గనుక వాటి ఆశ విడువుడి. అరటిపండును గేదె పాలతో చిలికి ఇచ్చినచో అదియే వారి మిల్క్‌షేకు. కాఫీ మాత్రము తక్కువ చేయవద్దు.

హాంబర్గరను దానిని గూర్చి ఒక మాట. జర్మనీ దేశపు హాంబుర్గు పట్టణమునుబట్టి వచ్చిన పేరది. అమెరికాలో దానిని గొడ్డుమాంసముతో చేయుదురు. మనము పిలుచు ఇరుగుపొరుగువారిలో హిందువులున్నారు, మాంసమే ముట్టనివారున్నారు. వారిని పిలువకుండుటకు ఇది సాకు కారాదు. కోడిమాంసముతోనో, గారె పిండిలో కూరగాయలు కలిపి కాల్చిన బిళ్లలతోనో చేసి బన్నులో పెట్టుడి. శాకాహారులకు వేరు పెనము, వేరు గరిటె ఉంచి, ముందుగానే వారితో ఆ మాట చెప్పుడి. మన స్వాతంత్ర్యము బలహీనులకు అభ్యంతరము కాకూడదని పౌలు రోమీయులకు 14వ అధ్యాయములోను, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయములోను విస్తారముగా వ్రాసెను. అయితే వేరు పెనము ఆహారమునుబట్టి మాత్రమే. గ్లాసులు అందరికి ఒక్కటే. ఇంటివారికి, చుట్టములకు స్టీలు గ్లాసులు, పనివారికి కాగితపు గ్లాసులు అను ఏర్పాటు శుభ్రత పేరుతో జరుగుచున్నచో, అది చూరు క్రింది గ్లాసుకు మనుమడని ఎరుగుడి. కాగితపువైతే అందరికి కాగితపువే పెట్టుడి.

ఖర్చును గూర్చియు అదే లూకా 14లో ఉన్నది. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనును గదా (28వ వచనము). కొన్ని ఇండ్లలో అమెరికా కొడుకు పంపిన డబ్బుతో దీపాలంకారము, శబ్దయంత్రము, వీడియో అన్నియు వచ్చును. అది చూచి ప్రక్క ఇంటివారు తమ పిల్లల కన్నీళ్లు చూడలేక వడ్డీకి తెచ్చి అట్లే చేయుదురు. ఆ అప్పు మరుసటి పంట వరకు వారి మెడకు వ్రేలాడును. ఈ విధముగా మన విందు పొరుగువాని ఇంటిలో దుఃఖమగును. చదరంగపు గళ్లు పాత వార్తాపత్రికల మీద బొగ్గుతో పిల్లలు గీయగలరు, వారికి అది ఆటగా నుండును. పాటల పెట్టెకు బదులు మన సండేస్కూలు పిల్లలున్నారు. నాణెము వేసి పాట కోరుకొనుడి. ఆ డబ్బాలో పడిన నాణెములు వారి పుస్తకములకే ఇయ్యవచ్చును.

మరి ఎవరిని పిలువవలెను? తిరిగి పిలువగలవారిని మాత్రమే పిలువవద్దని ప్రభువు చెప్పినప్పుడు (12–14 వచనములు) బంధువులను ఎన్నడును పిలువరాదని ఆయన తాత్పర్యము కాదు. ఆయనే మార్త, మరియ, లాజరుల ఇంట భోజనము చేసెను. బదులుకు బదులు అను లెక్కలో విందంతయు ముగిసిపోకూడదని చెప్పెను. 40 చోట్లలో పది చోట్లు ముందుగానే తీసియుంచి, వాటికి పేర్లు వ్రాయుడి: విధవరాలు, మంచము పట్టి ఇటీవలనే లేచినవాడు, ఊరికి క్రొత్తగా వచ్చిన ఇటుకబట్టీ కూలి కుటుంబము. రాజమార్గములలోనికి దాసుని పంపిన యజమానుని గూర్చి చదువునప్పుడు (23వ వచనము) మన ఇండ్లు నిజముగా రాజమార్గము ప్రక్కనే ఉన్నవని జ్ఞాపకము తెచ్చుకొనుడి. పండుగ రాత్రి కూడ లారీలు నడుచుచునే యుండును. డ్రైవరు, క్లీనరు తమ ఇండ్లకు వందల మైళ్ల దూరములో ఉందురు. డైనరు మొదట పుట్టినది అట్టి రాత్రి పనివారికొరకే గదా.

ఇంటి యజమానుడు ఎక్కడ ఉండవలెను? అబ్రాహామును చూడుడి (ఆదికాండము 18). ముగ్గురు పరదేశులు ఎండవేళ వచ్చినప్పుడు ఆ వృద్ధుడు పరుగెత్తెను, శారాను పిండి పిసుకుమనెను, తానే పశువులలోనుండి దూడను తెచ్చెను, వారు తినుచుండగా చెట్టు క్రింద వారియొద్ద నిలిచియుండెను. కడపటి రాత్రి బల్ల దగ్గర తమలో ఎవడు గొప్పవాడని శిష్యులు వాదించుకొనుచుండగా, తాను వారి మధ్య పరిచర్య చేయువానివలె ఉన్నానని ప్రభువు చెప్పెను (లూకా 22). గనుక యజమానుడు పెనమునకు ఆవలి ప్రక్కన ఉండవలెను. అమెరికానుండి వచ్చిన కుమారుడు కూడ అక్కడనే. అక్కడ అతనికి గిన్నె కడుగుట అలవాటే. ఇక్కడికి వచ్చినప్పుడు మనమే అతనిని దొరను చేయుచున్నాము.

స్త్రీలను గూర్చి ఒక మాట మిగిలియున్నది. మన విందులలో వంటింటి స్త్రీలు కడపట, అడుగు గిన్నెలోనిది తిందురు. దానిని ఎవరును కడపటి బంతి అనరు. ఈ రాత్రి నాల్గవ బంతి ముగియగానే, పెనము దగ్గర నిలిచినవారందరు ఈవలికి వచ్చి స్టూళ్ల మీద కూర్చుండవలెను, తిన్నవారిలో పురుషులు ఆవలికి వెళ్లి గరిటె పట్టవలెను. లూకా 12:37 ఆ సమయమునకు చదువుకొనుడి. వారికి అట్టు విరిగినను పరవాలేదు. అయితే నాలుగు బంతులలో పిండి అయిపోకుండ, వారి వంతు పిండి వేరు గిన్నెలో ముందుగానే తీసి, మూత పెట్టి, ఎత్తుగా ఉంచుడి.